టైర్ల పని అయ్యాక స్టీరింగ్ తేడాగా ఉందా? అలైన్‌మెంట్‌కి పరుగెత్తే ముందు చూడాల్సినవి

శ్రీకాకుళంలో ఏదో ఒక టైర్ల షాపులో కారు నాలుగు చక్రాలూ రొటేషన్ చేయించి, గాలి పట్టించి బయటికి తెచ్చినప్పుడు అంతా బాగానే ఉంటుంది. డే అండ్ నైట్ జంక్షన్ దాటేదాకా స్పీడు నలభై మించదు. ఆటోలు, బైకుల మధ్య స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాం కాబట్టి అది తిన్నగా నిలబడుతోందో లేదో తెలియదు. తీరా హైవే ఎక్కి నరసన్నపేట వైపు ఎనభై దాటేసరికి చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ సన్నగా వణుకుతోంది. లేదా పట్టు కాస్త వదులు చేయగానే బండి ఎడమకి జరిగిపోతోంది. పొద్దున లేని జబ్బు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని టెన్షన్ మొదలవుతుంది.

వెనక్కి వెళ్లి అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు వస్తుంది: "అలైన్‌మెంట్ చేసేద్దాం సార్, సెట్ అయిపోద్ది." చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో కొలిచి సరిచేయడమే అలైన్‌మెంట్. డబ్బులు కట్టి చేయించుకుంటారు. కొన్నిసార్లు సెట్ అవుతుంది, ఎక్కువసార్లు అవ్వదు. ఎందుకంటే టైర్ల పని తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి అలైన్‌మెంట్‌తో సంబంధమే ఉండదు. పైగా అసలు కారణం తెలియకుండా అలైన్‌మెంట్ కదిపేస్తే అప్పటిదాకా సరిగ్గా ఉన్నదీ చెడుతుంది, రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఏది ముందొచ్చిందో కనుక్కోవడం కష్టమవుతుంది. అలైన్‌మెంట్ మంచి పనే, అవసరమైన పనే. కానీ వరసలో దాని చోటు చివర.

ముందు ఫిర్యాదు ఏమిటో తేల్చుకోవాలి. "స్టీరింగ్ బాగాలేదు" అంటే ఏ మెకానిక్‌కీ ఏమీ అర్థం కాదు. బండి ఒక పక్కకి లాగడం వేరు, స్టీరింగ్ వణకడం వేరు. బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడటం మరొకటి. స్టీరింగ్ బరువెక్కడం, లేదా తేలిపోతున్నట్టు ఉండటం ఇంకొకటి. వీటి కారణాలు దాదాపుగా కలవవు. ఏ స్పీడులో మొదలైంది, బ్రేకు వేసినప్పుడేనా లేక ఎప్పుడూనా, చేతికి తెలుస్తోందా లేక సీటు కింద తెలుస్తోందా అనేవి గుర్తుపెట్టుకుంటే సగం పని అక్కడే అయిపోయినట్టు.

రొటేషన్ కొత్త జబ్బు తేదు, పాతదాన్ని ముందుకు తెస్తుంది

సుమారు పదివేల కిలోమీటర్లకోసారి టైర్లు రొటేషన్ చేయించడం మన దగ్గర అలవాటు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వెళ్తాయి. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి అరుగుదల నాలుగింటికీ సమానంగా పంచడం దీని ఉద్దేశం. ఈ పని తర్వాత తేడా వస్తే షాపువాళ్లు ఏదో పాడుచేశారని అనుకోవడం సహజం. నిజంగా పాడుచేసిన సందర్భాలూ ఉంటాయి. కానీ అంతకన్నా ఎక్కువగా జరిగేది వేరే ఉంది.

వెనక చక్రంలో ఉన్న లోపాన్ని స్టీరింగ్ చెప్పదు. బ్యాలెన్స్ తప్పిన, అంటే చుట్టూ బరువు సమానంగా లేని టైరు వెనక ఉంటే సీటు కింద చిన్న అదురుగా తెలుస్తుంది, ఆ నెపం రోడ్డు మీదకి తోసేస్తాం. పక్కకి లాగే గుణమున్న టైరు వెనక ఉంటే అసలు తెలియనే తెలియదు. అదే టైరు ముందుకి రాగానే దాని గుణమంతా నేరుగా చేతుల్లోకి వస్తుంది. వెనక అరిగేటప్పుడు రంపం పళ్లలా అరిగిన టైరైతే ముందుకొచ్చి హోరు పెడుతుంది. దాన్ని విని చక్రం బిగించే హబ్‌లోని బేరింగ్ పోయిందనుకుని బేరింగ్ మార్పించినవాళ్లు కూడా ఉంటారు. టైరు మీద అరచేతిని ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి నిమిరి చూస్తే తెలిసిపోతుంది: ఒక వైపు నున్నగా, మరో వైపు గరుగ్గా తగిలితే ఆ హోరు టైరుదే. సాలూరు లారీలకు పేరున్న ఊరు. అటు వైపు పాత డ్రైవర్లను గమనిస్తే, బండి ఆపగానే చుట్టూ తిరిగి టైర్ల మీద చెయ్యి వేసి చూసుకునే అలవాటు కనిపిస్తుంది. అరుగుదల, వేడి రెండూ ఆ ఒక్క స్పర్శలోనే తెలుస్తాయి. కారు నడిపేవాళ్లూ నేర్చుకోవాల్సిన అలవాటది.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: షాపులో సరిగ్గా ఏమేం చేశారు? రొటేషన్ ఒక్కటేనా, బ్యాలెన్సింగ్ కూడానా? కొత్త టైర్లు వేశారా? అలైన్‌మెంట్ ముట్టుకున్నారా? ముట్టుకోని అలైన్‌మెంట్ ఒక్క గంటలో దానంతటది చెడిపోదు. బిల్లులో రాసిన పని పేర్లు చూసుకుంటే అనుమానించాల్సినవాటిలో సగం తప్పుకుంటాయి.

పక్కకి లాగడం

మొట్టమొదట గాలి. ఇది మరీ మామూలు మాటగా అనిపించి చాలామంది దాటేస్తారు, కానీ లాగుడు ఫిర్యాదులో ముందు చూడాల్సింది ఇదే. ముందు రెండు టైర్లలో ఒకదాంట్లో 33 పీఎస్ఐ, రెండోదాంట్లో 25 ఉంటే, తక్కువ గాలి ఉన్న వైపుకి బండి లాగుతుంది. ఆ టైరు ఎక్కువ నలుగుతూ దొర్లుతుంది, అటు పక్క రోడ్డు ఎక్కువగా పట్టుకుంటుంది. ఒకటి రెండు పీఎస్ఐ తేడాతో సాధారణంగా ఏమీ తెలియదు. పంచర్ వేసిన చోటో, కొత్తగా మార్చిన వాల్వ్ దగ్గరో సన్నగా లీకవుతుంటే షాపులో సరిగ్గా ఉన్న గాలి మర్నాటికి తగ్గిపోతుంది. సబ్బు నీళ్లు పోసి చూస్తే బుడగలు చెబుతాయి.

దీనికి ఎదురు తప్పు కూడా షాపుల్లో జరుగుతుంది. కొత్త టైరు ఎక్కించాక దాని అంచు రిమ్ములో 'టప్' మని కూర్చోవడానికి ఎక్కువ గాలి కొడతారు. కూర్చున్నాక కంపెనీ చెప్పిన లెక్కకి దించాలి. ఆ దించడం మర్చిపోతే ఒకటో రెండో టైర్లు 40 దగ్గర ఉండిపోతాయి. అప్పుడు బండి గట్టిగా ఎగురుతుంది, స్టీరింగ్ తేలిగ్గా తేలిపోతున్నట్టు ఉంటుంది, సన్నటి గీతల్లాంటి గతుకులకు కూడా దారి మారుతున్నట్టు అనిపిస్తుంది.

గాలి కొలిచేది పొద్దున్నే, బండి కదలకముందు. టైరు లోపలి వేడి అయిదున్నర డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మడపాం టోల్ ప్లాజా దాకా వెళ్లి అక్కడ కొలిస్తే వచ్చే అంకె అసలు అంకె కాదు. ఎక్కువ ఉందని అప్పుడు గాలి వదిలేస్తే చల్లారాక తక్కువవుతుంది. ఇంకో సంగతి: ఒక బంకు మీటరు, ఇంకో షాపు మీటరు ఒకే అంకె చూపించాలని లేదు. లాగుడు సంగతి తేల్చడానికి రెండు ముందు టైర్లనూ ఒకే మీటరుతో కొలవాలి. ఇక్కడ ముఖ్యం ఆ రెండింటి మధ్య తేడా.

గాలి సరిగ్గా ఉండి కూడా లాగుతుంటే తర్వాత అనుమానం రోడ్డు మీద. వాన నీళ్లు పోవడానికి రోడ్డుని అంచుల వైపు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకి ఆ వాలు సుమారు రెండు శాతం, అంటే మీటరుకి రెండు సెంటీమీటర్లు. మనం నడిపేది ఎడమ పక్క కాబట్టి ఏ జబ్బూ లేని బండి కూడా చెయ్యి వదులు చేస్తే మెల్లగా ఎడమకి జరుగుతుంది. అది లోపం కాదు. అదే బండి కుడికి లాగుతుంటే మాత్రం, వాలుకి ఎదురెక్కి మరీ లాగుతోంది కాబట్టి, కచ్చితంగా పట్టించుకోవాలి. తీరం దగ్గర నడిచే మన హైవేలో మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గట్టిగా గాలి వీస్తుంది, దాని తోపు కూడా లాగుడులాగే ఉంటుంది. అందుకే పరీక్ష తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, ఒకే రోడ్డు మీద పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చేయాలి. చేతులు పూర్తిగా తీసేయకూడదు. వేళ్లు తగిలీ తగలనట్టు ఉంచితే చాలు.

ఇప్పుడు అసలైన పరీక్ష. ముందు ఎడమ టైరుని కుడికి, కుడి టైరుని ఎడమకి మార్చి, అదే రోడ్డు మీద మళ్లీ నడపాలి. లాగుడు వైపు మారిందంటే తప్పు టైరుది. మారకుండా అదే వైపు ఉంటే తప్పు బండిది. ఇంత తేలిక పరీక్ష ఇంకోటి లేదు. ఒక జాకీ, ఒక స్పానర్, అరగంట సమయం ఉంటే చాలు. ఏ కంప్యూటర్ మెషినూ దీనంత సూటిగా జవాబు చెప్పదు. టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా అటూ ఇటూ మార్చకూడదు. అలాంటప్పుడు ఒకే పక్కన ఉన్న ముందు, వెనక టైర్లను తమలో తాము మార్చి చూడాలి. ఆ బాణానికి ఎదురుగా టైరు బిగించడం కూడా షాపుల్లో జరిగే తప్పే. అదృష్టవశాత్తూ దాన్ని కళ్లతోనే పట్టుకోవచ్చు.

గాలి సమానంగా ఉండి, చూడటానికి కొత్తగా మెరుస్తూ ఉన్న టైరు బండిని ఎలా లాగుతుంది? రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. తయారీలో ఆ పట్టీ కొంచెం ఒక పక్కకి జరిగితే, టైరు కంటికి గుండ్రంగానే కనిపించినా ఒక అంచు గట్టిగా, రెండో అంచు మెత్తగా తయారవుతుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే స్టీలు గ్లాసుని నేల మీద పడుకోబెట్టి తోసి చూడండి. తిన్నగా పోదు, వంపు తిరుగుతుంది. ఆ టైరూ అలాగే వంపు తిరగాలని చూస్తుంది. ఇది కొలిచి చూపే మీటరు మామూలు షాపులో ఉండదు. అటూ ఇటూ మార్చి చూడటమే దానికి మీటరు.

మార్చినా అదే వైపు లాగితే బండిని చూడాలి. అందులోనూ ముందు బ్రేకు. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కి దిగినవాళ్లకి తెలుసు, దిగేటప్పుడు బ్రేకులు ఎంత వేడెక్కుతాయో. బ్రేకు ప్యాడుని డిస్కుకి అదిమే క్యాలిపర్ పట్టేసి, ప్యాడు డిస్కుని వదలకపోతే, ఆ వైపు చక్రం ఎప్పుడూ కొద్దిగా బ్రేకు పడినట్టే తిరుగుతుంది, బండి అటే లాగుతుంది. బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, రిమ్ము దగ్గర చెయ్యి ఆనించకుండా పెట్టి చూస్తే ఒక చక్రం నుంచి మాత్రమే సెగ తగులుతుంది.

అలైన్‌మెంట్ వంతు అప్పుడు వస్తుంది. ఇక్కడే అసలు తిరకాసు. అలైన్‌మెంట్‌లో ముఖ్యంగా మూడు కోణాలు కొలుస్తారు: టో, క్యాంబర్, క్యాస్టర్. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాలూ ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉన్నాయా, విడిపోయి ఉన్నాయా అన్నది టో. ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా ఉందా, పక్కకి వాలిందా అన్నది క్యాంబర్. చక్రం ఎడమకీ కుడికీ మళ్లే ఇరుసు, పక్క నుంచి చూస్తే ఎంత వెనక్కి వాలి ఉందన్నది క్యాస్టర్. మనం వాడే చిన్న కార్లలో ఎక్కువ వాటికి షాపులో తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. మిగతా రెండూ ఫ్యాక్టరీలో బిగించినవి. కానీ టో తేడా వల్ల బండి సాధారణంగా లాగదు. ముందు రెండు చక్రాలూ స్టీరింగ్ కడ్డీలతో కలిసే ఉంటాయి కాబట్టి తేడాని రెండూ సమానంగా పంచుకుంటాయి. లాగేది క్యాంబరో, క్యాస్టరో రెండు పక్కలా సమానంగా లేనప్పుడు. పైభాగం ఎక్కువ బయటికి వాలిన చక్రం వైపుకి బండి లాగుతుంది. క్యాస్టర్ అయితే ఏ పక్క తక్కువ ఉందో అటు లాగుతుంది. అవి తేడా వచ్చాయంటే ఏదో గుంతలో గట్టిగా పడి చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మో, స్ట్రట్టో వంగి ఉండాలి. టైర్ల షాపు తప్పు కాదది. టో తిప్పితే పోయేదీ కాదు. "మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాం, అయినా లాగుతూనే ఉంది" అనే మాట అందుకే అంత తరచుగా వినపడుతుంది.

టో తప్పితే నష్టం వేరే చోట. మొత్తం టో టైరు అంచు దగ్గర 3 మిల్లీమీటర్లు తప్పిందనుకుందాం. పద్నాలుగు అంగుళాల రిమ్ము మీది మామూలు టైరు లెక్కన, ఒక్కో చక్రం ప్రతి కిలోమీటరుకీ సుమారు రెండున్నర మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లొచ్చేలోపు ఆ ఈడ్పు ఐదారు వందల మీటర్లవుతుంది. స్టీరింగ్‌లో ఏమీ తెలియకుండానే కొత్త టైర్ల అంచులు నెలల్లో నున్నగా అయిపోతాయి.

వణకడం

వణుకు సంగతిలో స్పీడే పెద్ద ఆధారం. ఎనభై నుంచి నూట పది మధ్య మొదలై, ఇంకా పెంచితే తగ్గేది అయితే దాదాపుగా బ్యాలెన్సింగ్ తప్పే. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి.

బరువు సరిచేయడానికి రిమ్ముకి కొట్టిన చిన్న సీసం ముక్క ఊడిపోతే ఇంత వణుకా అని ఆశ్చర్యపోతారు. లెక్క వేసి చూద్దాం. 175/65 ఆర్14 టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకి సుమారు 15 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాములు తేడా ఉంటే, ఆ వేగంలో అది ఐదు కిలోల బరువుతో లాగినంత బలంగా, సెకనుకి పదిహేనుసార్లు దిక్కు మారుస్తూ చక్రాన్ని కుదుపుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. విజయనగరం కోట జంక్షన్ దగ్గర ఏమీ తెలియని తేడా నాతవలస దగ్గర పెద్ద హైవే ఎక్కాక బయటపడటానికి కారణం ఇదే. షాపు కుర్రాడు చుట్టుపక్కల వీధుల్లో ఒక రౌండ్ కొట్టి "బాగానే ఉంది సార్" అంటే అతను అబద్ధం చెప్పినట్టు కాదు. ఆ స్పీడులో అది నిజంగానే బాగుంటుంది.

రొటేషన్ చేసి బ్యాలెన్సింగ్ చేయకుండా వదిలేస్తే వెనక ఉన్న తేడా ముందుకొస్తుంది. అల్లాయ్ రిమ్ములకి లోపల అంటించే బిళ్లలు, రిమ్ము శుభ్రంగా తుడవకుండా అంటిస్తే రెండు రోజుల్లో ఊడిపోతాయి. వాటి జిగురు మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది, టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది.

మన పల్లె దారుల్లో ఇంకో కారణం ఉంది, నగరాల్లో రాసే పుస్తకాలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. అది బురద. ఊడ్పుల కాలంలో ట్రాక్టర్లు తెచ్చి పోసిన మట్టి రోడ్ల మీద తిరిగిన కారుకి రిమ్ము లోపలి వైపు బంకమట్టి పేరుకుని గట్టిపడుతుంది. ఆ బరువు షాపులో కొట్టే బిళ్లల కన్నా ఎన్నో రెట్లు ఉండొచ్చు. బయట మెరిసేలా కడిగినా లోపలి వైపు అలాగే ఉండిపోతుంది. ఇంకా పెద్ద చిక్కు, ఆ మట్టి ఉండగానే బ్యాలెన్సింగ్ చేయించుకోవడం. మెషిన్ మట్టిని కూడా కలిపి లెక్క వేసి సున్నా చూపిస్తుంది. నాలుగు రోజుల తర్వాత వానకి ఆ మట్టి జారిపోతుంది, సరిగ్గా చేసిన బ్యాలెన్సింగే తప్పయిపోతుంది. అందుకే చక్రం మెషిన్ ఎక్కించకముందు లోపలి వైపు గీకించి కడిగించమని అడగాలి. మొహమాటపడాల్సిన పని లేదు.

మెషిన్ సరిగ్గా చెబుతోందా అన్న అనుమానం వస్తే దానికీ ఒక పరీక్ష ఉంది. సున్నా వచ్చాక చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనాలి. మళ్లీ సున్నా దగ్గరే వస్తే సరే. పదిహేను, ఇరవై గ్రాములు తేడా చూపిస్తే చక్రం మెషిన్ మీద మధ్యకి కూర్చోలేదని అర్థం. అలా కొట్టిన బిళ్లలకి విలువ లేదు.

బ్యాలెన్సింగ్ బాగుండి కూడా వణికితే, చక్రం హబ్ మీద ఎలా కూర్చుందో చూడాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి హబ్ ముఖం తుప్పు పట్టి పొరలు కడుతుంది. రొటేషన్‌లో రిమ్ము తీసి పెట్టేటప్పుడు ఆ పొర ఒక చోట ఊడి, ఒక చోట మిగిలిపోతే అర మిల్లీమీటరు ఎత్తుతేడా చాలు, చక్రం వంకరగా కూర్చుంటుంది. వైరు బ్రష్షుతో రెండు నిమిషాలు రుద్దితే పోయే జబ్బు. బయట కొన్న అల్లాయ్ వీల్స్ అయితే మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దగా ఉంటుంది, ఆ సందు నింపే రింగు ఒకటి ఉంటుంది. విప్పినప్పుడు అది కిందపడి షాపులోనే ఉండిపోయిందేమో అడగాలి. కొత్త టైరైతే దాని అంచు రిమ్ము చుట్టూ సమానంగా కూర్చుందో లేదో చూడాలి. టైరు పక్కన రిమ్ముని ఆనుకుని ఒక సన్నటి గీత చుట్టూ ఉంటుంది. అది ఒక చోట లోపలికి పోయి, ఒక చోట పైకి తేలితే టైరు సరిగ్గా కూర్చోలేదు. టైరు పక్కన ఎక్కడైనా బుడగలా ఉబ్బితే ఇక పరీక్షలు అక్కర్లేదు, ఆ టైరుతో హైవే ఎక్కకూడదు.

నట్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ ఖర్చుతో పోతాయి, ఇది ప్రాణాలతో ముడిపడింది. వణుకు తక్కువ స్పీడులోనే మొదలై, దూరం పోయేకొద్దీ పెరుగుతూ, చక్రం దగ్గర 'టక్ టక్' మని వినిపిస్తే బండి వెంటనే పక్కకి ఆపాలి. ఊరు వచ్చేదాకా, పని అయ్యేదాకా అనుకోకూడదు. వీల్ నట్లు వదులయ్యాయని అనుమానించి అక్కడే స్పానర్‌తో చూడాలి.

నట్లు బిగించే పద్ధతి ఒకటుంది: ముందు చేత్తో ఎక్కించాలి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని వరసగా కొంచెం కొంచెం బిగించాలి, బండి కిందికి దించాక చివరి బిగింపు ఇవ్వాలి. చిన్న కార్లకి ఆ బిగింపు చాలావరకు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పావు మీటరు పొడవున్న స్పానర్ చివర సుమారు 40 కిలోల బలం పెడితే వంద న్యూటన్ మీటర్లవుతుంది. అదే స్పానర్ మీద డెబ్బై కిలోల మనిషి ఎక్కి నిలబడితే 170 దాటుతుంది. గాలి గన్నుతో ఒక్కో నట్టునీ 'గుర్ర్' మని చివరిదాకా బిగించేస్తే కూడా ఇలాగే హద్దు దాటుతుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ బిగింపు పడితే బ్రేకు డిస్కు సన్నగా వంకర తిరగొచ్చు, అప్పుడు వణుకు బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తుంది. మామూలుగా పోతున్నప్పుడు లేకుండా బ్రేకు వేస్తేనే స్టీరింగ్ కొట్టుకుంటుంటే చూడాల్సింది టైరు కాదు, డిస్కు. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్ల మధ్య నట్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. విజయనగరంలో టైర్లు వేయించుకుని శ్రీకాకుళం చేరితే, ఇంట్లోకి వెళ్లేముందు ఆ పని చేసుకోవాలన్నమాట.

వంకర స్టీరింగ్, బరువు స్టీరింగ్

బండి తిన్నగా పోతోంది, లాగడం లేదు, కానీ స్టీరింగ్ మీది గుర్తు పక్కకి వాలి ఉంది. ఇది నిజంగా అలైన్‌మెంట్ ఫిర్యాదే. అలైన్‌మెంట్ చేసేటప్పుడు స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి కదలకుండా బిగించాకే కింద టై రాడ్లు, అంటే చక్రాలని స్టీరింగ్‌తో కలిపే కడ్డీలు తిప్పాలి. ఆ బిగింపు జారినా, పెట్టకపోయినా మొత్తం టో అంకె సరిగ్గానే వస్తుంది, మెషిన్ పచ్చరంగు చూపిస్తుంది, స్టీరింగ్ మాత్రం వంకర తిరుగుతుంది. రెండు టై రాడ్లనీ సరైన వైపుకి సమానంగా తిప్పి సరిచేయాలి. స్టీరింగ్ చక్రాన్ని విప్పి పళ్లు మార్చి తిన్నగా పెడతామంటే ఒప్పుకోకూడదు. జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రం మాయమవుతుంది. అలైన్‌మెంట్ అసలు ముట్టుకోకుండానే స్టీరింగ్ వంకరగా అనిపిస్తే ఒకసారి పట్టు వదులు చేసి చూడాలి. అప్పుడు బండి పక్కకి పోతే అది వంకర కాదు, లాగుడు. మనకు తెలియకుండానే దాన్ని పట్టి ఆపుతూ నడుపుతున్నాం.

టై రాడ్లు తిప్పాక స్టీరింగ్ మలుపు నుంచి తిరిగి మధ్యకి రాకుండా బద్ధకిస్తే, టై రాడ్లని కదిపే స్టీరింగ్ రాక్ మీది రబ్బరు తొడుగు మెలిపడిందేమో కింద పడుకుని చూడాలి. బరువెక్కితే ముందు గాలి, తర్వాత టైరు సైజు: షోకు కోసం వెడల్పు టైర్లు వేయిస్తే నిలిపిన చోట తిప్పడం బరువవుతుంది, అది లోపం కాదు. డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ గుర్తు, ఏబీఎస్ గుర్తు వెలిగితే మాత్రం టైర్లని వదిలేసి వైర్లు చూడాలి. చక్రం దగ్గరి సెన్సార్ వైరు లాగబడి ఉండొచ్చు. స్టీరింగ్ కోణం కొలిచే సెన్సార్ ఉన్న బండ్లకి అలైన్‌మెంట్ తర్వాత దాన్ని స్కానర్‌తో సున్నాకి పెట్టాల్సి రావచ్చు. కొత్త టైర్లతో మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు బండి కాస్త మెత్తగా, జారుతున్నట్టు ఉండటం మామూలే. కొత్త రబ్బరు గాడులు లోతుగా ఉండి కదులుతాయి, పైన ఉన్న నునుపు పొర అరగాలి.

అలైన్‌మెంట్ తప్పదని తేలితే, మెషిన్ ఎక్కించకముందు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, గడియారంలో 3, 9 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపించాలి. అక్కడ ఆడితే ఎక్కువగా టై రాడ్ ఎండ్. 12, 6 దగ్గర ఆడితే బాల్ జాయింటో, బేరింగో. ఆడే భాగం ఉండగా చేసిన అలైన్‌మెంట్ మొదటి స్పీడ్ బ్రేకర్ దాకే నిలుస్తుంది. ముందు, తర్వాత అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోవాలి. అందులో ముందు అంకెలే ఎక్కువ పనికొస్తాయి. రెండు పక్కల క్యాంబర్ మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే, వంగిన భాగం ఎక్కడుందో వెతకమని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ఈ వరస అంతా ఒక బండి మీద ఎలా నడుస్తుందో ఊహించి చూద్దాం. శ్రీకాకుళంలో రొటేషన్ మాత్రమే చేయించిన కారు, ఎచ్చెర్ల దాటాక కుడికి లాగుతోంది. వణుకు లేదు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ముందు రెండింట్లో గాలి సమానం. రోడ్డు వాలు ఎడమకి ఉన్నా కుడికే లాగుతోంది కాబట్టి రోడ్డు తప్పు కాదు. చక్రాల దగ్గర సెగలో తేడా లేదు. ముందు రెండు టైర్లూ అటూ ఇటూ మార్చి అదే రోడ్డు మీద నడిపితే ఇప్పుడు ఎడమకి లాగుతోంది. అలైన్‌మెంట్ డబ్బులు అక్కడితో మిగిలిపోయాయి. ఆ రెండింట్లో ఏదన్నది తేలాలి. ఒకదాన్ని వెనక్కి పంపి, వెనక టైరుని దాని చోటికి తెస్తే లాగుడు పోయింది. వెనక్కి పంపినదే ఆ టైరు. రబ్బరు ఇంకా బాగా మిగిలి ఉండి, బిల్లు చేతిలో ఉంటే తయారీ లోపమని చెప్పి కంపెనీ డీలర్ దగ్గర క్లెయిమ్ అడగొచ్చు. అరిగినదైతే దాని పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టి వెనకే ఉంచి, వచ్చేసారి రొటేషన్‌కి ఇచ్చినప్పుడు "దీన్ని ముందుకి వెయ్యొద్దు" అని చెబితే చాలు.